ఆరిపోయి హెచ్చరించే దీపం

1863లో విల్‌బ్రాండ్ అనే జర్మన్ రసాయనవేత్త పసుపుపచ్చని పదార్థమొకటి తయారు చేశాడు. బట్టలకు అద్దకపు రంగుగా పనికివస్తుందని అప్పటివారు భావించారు. అందులో దాగివున్న విధ్వంసకశక్తి లోకానికి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అదే టి.ఎన్.టి. రంగుగా పుట్టిన ఆ పదార్థం ఫిరంగి గుండ్లలోనికి, తరువాత మందుపాతరలలోనికి ప్రవేశించింది.

యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు మరలినా, పాతిన మందుపాతర మరలదు. సంధిపత్రాల సంగతి దానికి తెలియదు. పొలం దున్నవచ్చిన రైతును, పశువులను కాచే పిల్లవాణ్ణి కూడా అది శత్రువుగానే ఎంచుతుంది.

దానిని కనుగొనడం ఎట్లా? లోహశోధక యంత్రం తుప్పుపట్టిన మేకుకూ, మందుపాతరకూ ఒకే తీరున కూస్తుంది. లోహం నామమాత్రంగా ఉన్న ప్లాస్టిక్ మందుపాతర దానికి చిక్కడం కష్టం. శిక్షణ పొందిన కుక్క లోహాన్ని గాక పేలుడు మందు వాసననే పసిగడుతుంది. కాని అదీ ప్రాణియే, అలసిపోతుంది. పైగా ఆ వాసన ఏపాటిది? మామూలు వేడిమిలో టి.ఎన్.టి. ఆవిరి గాలిలోని వందకోట్ల అణువులకు కొద్ది అణువులు మాత్రమే. మట్టిలో పాతిన మందుపాతర మీద అది ఇంకా స్వల్పం.

ఇంత సూక్ష్మమైన జాడను పట్టే పదార్థాన్ని 1990లలో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞుడు తిమోతీ స్వేగర్, ఆయన సహచరులు రూపొందించారు. అది ఒక పాలిమర్. అంటే, ఒకే రకపు అణుఖండాలు గొలుసుగా అల్లుకున్న పదార్థం. దానిపై తగిన కాంతి ప్రసరింపజేస్తే అది తిరిగి వెలుగును చిమ్ముతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ప్రతిదీప్తి అంటారు. టి.ఎన్.టి. అణువుకు ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. అది గొలుసును తాకగానే, ఉత్తేజితమైన ఎలక్ట్రాన్‌ను లాగుకుంటుంది. అక్కడి వెలుగు ఆరిపోతుంది.

ఒక్క అణువు ఒక్క చోట తాకితే ఏమంత తేడా? రాత్రివేళ లాంతరు పట్టుకొని పొడవైన చెరువుగట్టు వెంట నడిచే మనిషిని ఊహించుకోండి. గట్టుమీద ఎక్కడ ఒక్క గుంట ఉన్నా అతడు అందులో పడవచ్చు. పడితే లాంతరు ఆరుతుంది. అట్లాగే కాంతిశక్తి గొలుసు పొడవునా ప్రయాణిస్తుంది. దారిలో ఎక్కడ టి.ఎన్.టి. అణువు ఒక్కటి కాచుకొని ఉన్నా చాలు, వెలుగు నశిస్తుంది. గొలుసు ఎంత పొడవైతే జాడ చిక్కే అవకాశం అంత ఎక్కువ.

కాని ఒక చిక్కు వచ్చింది. పలుచని పొరగా పూస్తే గొలుసులు ఒకదానిపై ఒకటి అతుక్కొని తమ వెలుగును తామే చంపుకొనేవి. ఆవిరి లోపలికి పోవడానికి దారీ ఉండేది కాదు. స్వేగర్ బృందం గొలుసుల నడుమ స్తంభాల వంటి గట్టి అణునిర్మాణాలను చేర్చింది. గొలుసులు ఎడమయ్యాయి. ఆ ఖాళీయే వెలుగును నిలిపింది. ఆ ఖాళీయే ఆవిరికి ద్వారమయింది. 1998లో ప్రకటించిన ఈ పొర, టి.ఎన్.టి. ఆవిరి సోకిన అర నిమిషంలో దాదాపు సగం వెలుగు కోల్పోయింది. దీని ఆధారంగా తయారైన పరికరానికి 'ఫైడో' అని కుక్క పేరే పెట్టారు. ఇరాక్ యుద్ధంలో అమెరికా సైనికులు దానిని వాడారు.

ఖాళీ విలువ తెలిసిన రసాయనవేత్తలు ఆ దారినే ముందుకు సాగారు. 2005లో అమెరికాలో ఒమర్ యాఘీ బృందం, కర్బన అణుఖండాలను తేనెపట్టు వలె క్రమబద్ధంగా కూర్చి, నానోమీటరు ప్రమాణపు రంధ్రాలుగల పదార్థాలను నిర్మించింది. 2013లో జపాన్‌లోని శాస్త్రజ్ఞులు ఈ కోవకు చెందిన ప్రతిదీప్త పదార్థంతో పిక్రిక్ ఆమ్లాన్ని గుర్తించి చూపారు. చిత్రమేమంటే, అదీ ఒకప్పుడు పట్టుబట్టలకు పసుపు రంగు అద్దిన పేలుడు పదార్థమే.

ఈ విద్యకూ పరిమితులున్నాయి. ప్రతి పేలుడు మందూ టి.ఎన్.టి. వలె వెలుగును ఆర్పదు. కొన్నిటి ఆవిరి మరీ స్వల్పం. తీవ్రమైన కాంతికి పాలిమర్ పొర తానే వెలిసిపోవచ్చు. కనుక కుక్కకూ, లోహశోధకానికీ, మోకాళ్లపై వంగి మట్టిని మెల్లగా తొలిచే మనిషికీ పని తప్పలేదు. కాని ఆ మనిషి చేయి చాచబోయే ముందు, ఒక చిన్న వెలుగు ఆరిపోయి అతణ్ణి ఆపగలిగితే అంతకన్న కావలసినదేమున్నది?