పేరు ఒకరిది, వెండి ఒకరిది



మొన్న పాత పట్టీలు మారుద్దామని కొట్టుకి తీసుకెళితే, షావుకారు ముందుగా ఓ మూల ఆకురాయితో గీకి చూశాడు. అమ్మమ్మ ఇచ్చినవి కదండీ, ప్రాణం చివుక్కుమంది. తీరా ఇంటికొచ్చాక, వెయ్యేళ్ళ కిందటి వైకింగులూ ఇదే పని చేసేవారని గుర్తొచ్చి నవ్వుకున్నాను. వాళ్ళయితే నాణేన్ని కత్తిమొనతో గుచ్చి చూసేవారు. ఆ గాట్లు ఇప్పటికీ వాటిమీద కనిపిస్తాయి.

వైకింగులంటే డెన్మార్కు, నార్వేల వైపునుంచి పడవలమీద వచ్చి ఇంగ్లండును దోచుకున్నవాళ్ళు. 9వ శతాబ్దంలో అక్కడి తూర్పు, ఉత్తర భాగాలు వాళ్ళ చేతికి చిక్కాయి. వాళ్ళకి నాణేల వాడకం తక్కువ. వెండి కడ్డీలూ కడియాలూ ముక్కలు నరికి తూకానికి ఇచ్చేవారు. కానీ స్థిరపడి సంసారాలు పెట్టుకున్నాక సంతకు వెళ్ళాలిగా! అక్కడి జనం నమ్మేది ఆల్ఫ్రెడ్ రాజుగారి పేరున్న వెండి పెన్నీని. అందుకని దాన్ని చూసి వీళ్ళూ అచ్చు కొట్టించారు. చాలావాటిమీద అక్షరాలు తారుమారు. చదువురాని పిల్లాడు పలకమీద చూచిరాత రాసినట్టుంటుంది!

మరి ఇవి దొంగనాణేలా? నేనైతే అనను. వెండి మంచిదే. కాకపోతే ఆల్ఫ్రెడ్ తన పెన్నీ బరువు సుమారు 1.6 గ్రాములకు పెంచితే, వీళ్ళు 1.35 దగ్గరే, పాత తూకంతోనే ఉండిపోయారు. ఆల్ఫ్రెడ్ చేతిలో 878లో ఓడిన గుత్రుమ్ అనే నాయకుడు క్రైస్తవం పుచ్చుకుని, ఎథెల్‌స్టన్ అని పేరు మార్చుకుని, ఆ కొత్త పేరుతోనే నాణేలు వేయించాడు.

నన్ను కదిలించింది మాత్రం ఎడ్మండ్ కథ. తూర్పు ఆంగ్లియా రాజైన ఈయన్ని 869లో వైకింగులే చంపారు. ముప్ఫయ్యేళ్ళు తిరక్కముందే, వాళ్ళ ఏలుబడిలోనే, ‘పునీత ఎడ్మండ్’ అంటూ ఆయన పేర నాణేలు వెలిశాయి! ఆ యుద్ధాల్లో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు, ఆ నాణెం చేతిలో పడ్డప్పుడు ఏమనుకున్నారో!

1840లో లాంకషైరులోని కుయర్‌డేల్ దగ్గర, రిబుల్ నది గట్టు బాగుచేస్తున్న కూలీలకు సుమారు 40 కిలోల వెండి బయటపడింది. 7 వేలకు పైగా నాణేలు. అందులో సుమారు 1,800 ఈ ఎడ్మండ్ పేరిటివే. చాలాభాగం బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. తవ్వినవాళ్ళకు మాత్రం తలా ఒక్క నాణెం దక్కిందట.