వారం అద్దె... నెల లెక్క!

మాంచెస్టర్‌లో సీటొచ్చింది. వీసా వచ్చింది. ఇక గది! మన కుటుంబాలు తడబడేది ఇక్కడే. అక్కడ అద్దె చెప్పేది వారానికి. 150 పౌండ్లంటే నెలకు 600 అనుకుంటారు అమ్మానాన్నలు. కానీ ఏడాదికి 52 వారాలు కదా... పన్నెండు నెలలకు పంచితే 650! ఎమ్మెస్సీ పిల్లలకు ఒప్పందం 51 వారాల దాకా ఉంటుంది కూడా.

యూనివర్సిటీ హాస్టళ్లలో కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ సాధారణంగా అద్దెలోనే కలిసిపోతాయి. వంటిల్లు మాత్రం ఉమ్మడి. పోపు పొగకు అలారం మోగితే కంగారుపడకూడదు మరి!

కాస్త ఊరు అలవాటయ్యాక చాలామంది ఫాలోఫీల్డ్ వైపు ఇళ్లు వెతుక్కుంటారు. యూనివర్సిటీలున్న ఆక్స్‌ఫర్డ్ రోడ్ నుంచి బస్సెక్కితే దారిలోనే రషోమ్... మసాలాలూ బియ్యమూ దొరికే ‘కర్రీ మైల్’. నలుగురు కలిస్తే అద్దె తేలికే. అసలు చిక్కు కాగితంలో ఉంటుంది. అందరూ ఒకే ఒప్పందం మీద సంతకం పెట్టాక ఒకడు అద్దె ఎగ్గొడితే ఆ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే కౌన్సిల్ టాక్స్ ఉండదు. ఉద్యోగం చేసే అన్నయ్య ఒకడు చేరాడా... బిల్లు వస్తుంది!

డిపాజిట్ సాధారణంగా ఐదు వారాల అద్దెకు మించకూడదని 2019లో చట్టం చేశారు. ‘ఇవాళే కట్టకపోతే గది పోతుంది’ అంటూ ఫొటోలు పంపి తొందరపెట్టేవాళ్లతోనే అసలు భయం. హైదరాబాద్ నుంచే డబ్బు పంపేసి అక్కడ దిగితే, ఆ ఇంట్లో వేరెవరో కాపురం ఉండొచ్చు. అక్కడే చదువుతున్న సీనియర్ ఎవరైనా వెళ్లి తలుపు తట్టి చూశాకే పౌండ్లు పంపాలి.