బదులు వేషము

వేసవి రాత్రులలో నూజివీడు ప్రాంతపు మామిడితోటల నడుమనున్న పల్లెలలో పద్యనాటకము లాడించుట మన శ్రోతలలో పలువు రెరిగినదే. పగలెల్ల కాయల కోత, లారీల కెత్తుట; రాత్రి రాయబారము. తెర లేవవలసిన వేళకు కృష్ణపాత్రధారి రాలేదని తెలిసినచో ఏమగును? నాటకము కుదిర్చిన కాంట్రాక్టరు ముఖము వెలవెలబోవును. హార్మోనిస్టు మాత్రము తొణకడు. రెండవ కృష్ణుడు ముందుగానే రంగు పూసికొని కూర్చున్నాడని అత డెరుగును.

‘రెండవ కృష్ణుడు’ అను మాట మన రంగస్థలమున పుట్టి పెరిగినది. ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు వరుసగా వచ్చి తలకొక రంగము నడుపుటయు, హరిశ్చంద్ర నాటకమున వారణాసి కొకడు, కాటి కొకడు హరిశ్చంద్రు డగుటయు మనకు వింత కాదు. క్రొత్తవారు చూచి నవ్వవచ్చును. నటుడు మారినంతనే కథ తెగినట్లుండు నని విమర్శించువారును కలరు. ఆ విమర్శలో నిజము లేకపోలేదు. కాని ఒకరు రానినాడు వేరొకరు పాత్రనంతయు మోయగలుగుట ఈ పద్ధతి వలననే. వేర్వేరు ఊళ్లనుండి ఆ పూటకు వచ్చి కలిసిన నటులు రిహార్సలు లేకయే ఆడుచున్నారన్నచో, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు వారందరికి కంఠస్థము లగుటయే కారణము. చాపమీద కూర్చున్న రైతు సైతము పద్యపాదము తప్పినచో అందించును.

పాశ్చాత్య నాటకశాలలలో ఈ పని చేయువానిని అండర్‌స్టడీ యందురు. అతడు ప్రధాననటుని పాత్రను వల్లించి, నడకలు నేర్చి, ప్రతిరాత్రియు తెరప్రక్కన సిద్ధముగా నుండవలెను. పిలుపు వచ్చునో రాదో తెలియదు. తెలుగున దీనికి స్థిరమైన పేరు లేదు. ‘మారువేష’ మందుమన్న ఆ మాట ఇదివరకే వేరొక పనిలో నున్నది. కనుక మేము ‘బదులు నటుడు’ అనియే వ్రాయుచున్నాము.

బదులు వేషముతో మొదలై అసలు వేషమును మించిపోయిన కథ మన ఆంధ్రదేశముననే కలదు. 1921లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు ముందునకు వచ్చిన యువకుడు స్థానం నరసింహారావు. అతడు 1902లో ఆ బాపట్లలోనే జన్మించినవాడు. ఆ రాత్రి చంద్రమతి తరువాత సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి వచ్చిరి. 1956లో పద్మశ్రీ బిరుదమును వచ్చినది. ఇదంతయు అదృష్టమని తేల్చివేయుట సులభము. కాని పద్యమును భావమును ముందే పట్టుబడనివానికి, ఒకరు రానంతమాత్రమున చంద్రమతి లొంగునా? ఖాళీ అయినది వేషము. దానిని నింపినది అంతకుముందటి సాధన.

రేడియో శ్రోతలకు మరింత దగ్గరిది ఇంకొక ఉదంతము. 1943 నవంబరు 14వ తేది, ఆదివారము. న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో వాద్యబృందమును నడుపవలసిన బ్రూనో వాల్టర్ జ్వరపడెను. సహాయకుడుగా నున్న లెనార్డ్ బెర్న్‌స్టీన్, ఇరువదియైదేండ్లవాడు, బృందముతో ఒక్క రిహార్సలైనను లేకయే వేదిక నెక్కెను. ఆ కచేరి రేడియోలో అమెరికాయంతట ప్రసారమైనది. మరునాటి పత్రిక మొదటి పుటలో ఆతని పేరు వచ్చినది.

మా స్టూడియోలలోను బదులు నటుని అవసరము తక్కువ కాదు. నాటకములు టేపు మీది కెక్కకపూర్వము నేరుగా ప్రసారమైన దినములలో, గడియారము ఎవరికొరకును ఆగెడిది కాదు. రేడియోలో ఇతనికి ఒక మేలు, ఒక కీడు. చేత వ్రాతప్రతి యుండును; మరచుట యన్నది లేదు. కాని కిరీటము, నెమలిపింఛము ఆదుకొనవు. పందిరిలో పింఛము చూచినంతనే కృష్ణుడని నమ్ముదురు. మైకుముందు కంఠమొక్కటియే సాక్షి. వారములకొలది విన్న పాత్రకు గొంతు మారినచో వంటయింటిలోని ఇల్లాలు సైతము మొదటి మాటకే పట్టివేయును. “నేటి నాటకములో ఫలానావారికి బదులు” అని మేము ప్రకటించినంతనే మీట త్రిప్పు శ్రోతలు కలరు. ఒక్క రంగమైనను వినుడని వారికి మా మనవి.

మేము చేసిన అపరాధమొకటి ఇచ్చట చెప్పవలెను. కార్యక్రమాంతమున పాల్గొన్నవారి పేర్లు ఎన్నివందల మారులో చదివితిమి. పాత్ర నేర్చి, స్టూడియో వెలుపల బల్లపై కూర్చుండి, పిలుపు రాక ఇంటికి పోయినవాని పేరు ఒక్కమారును చదువలేదు. అతడు పాల్గొనలేదు గదా యని వాదింపవచ్చును. అతడున్నాడన్న ధైర్యముతోనే గదా మేము ఎర్రదీపము వెలిగించినది!

వేచియున్న కాలమున చేయు పోషణ యెట్టిదో మామిడిరైతు బాగుగా నెరుగును. క్రొత్తగా తోట వేయునప్పుడు గుంటల లెక్కకు మించి కొన్ని అంటులు తెచ్చును. మిగిలినవానిని బావిచెంత నీడనుంచి, నాటినవానితోపాటే నీరు పోయుచుండును. ఎచ్చటనైన మొక్క చచ్చినచో ఏడాది రెండేండ్లలోపుననే ఆ గుంటలో దీనిని పెట్టవలెను. చెట్లు కొమ్మలు చాచిన తరువాత నాటిన లేత అంటు ఇరుగుపొరుగు నీడలో గిడసబారును. సమయమున నాటినదో, కాపునకు వచ్చునాటికి ఏది మొదటిదో ఏది బదులుదో చెప్పుట కష్టము. ఏ గుంటయు దొరకక మిగిలిన అంటును పెరటిలో గోడవార పాతుదురు. కొన్ని ఇండ్లలో పిల్లలు తిను చిన్నరసములు ఆ చెట్టువే.