పదహారు రోజులకోసారి రేడియో మెరుపులు.. జంట తారల పనేనా?

సెకనులో వెయ్యో వంతు కాలం మాత్రమే నిలిచే రేడియో మెరుపులు అంతరిక్షంలో కొన్నిచోట్ల నుంచి పదేపదే వెలువడుతున్నాయి. వాటిలో ఒకటి పంచాంగం చూసుకున్నట్లు 16.35 రోజులకోసారి చైతన్యం పొందుతోంది. ఒకదాని చుట్టూ మరొకటి తిరిగే జంట తారలే ఇందుకు కారణమన్న వాదన శాస్త్రలోకంలో బలంగా వినిపించింది.

వెలుగుచూసింది ఇలా..

ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు 2001లో నమోదు చేసిన సమాచారాన్ని జల్లెడ పట్టిన డంకన్ లోరిమర్ బృందం 2007లో తొలి మెరుపును ప్రకటించింది. 2012లో అరెసిబో టెలిస్కోపుకు చిక్కిన మరో మూలం మళ్లీ మళ్లీ మెరుస్తున్నట్లు 2016లో తేలింది. మెరుపుతో పాటే దాని మూలం నశించడం లేదని దీంతో రుజువైంది. సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక మూలానికి 16.35 రోజుల ఆవర్తనం ఉన్నట్లు 2020లో కెనడాలోని చైమ్ టెలిస్కోపు బృందం వెల్లడించింది. అందులో దాదాపు ఐదు రోజులే మెరుపులు వస్తాయి. మిగిలిన రోజులు నిశ్శబ్దమే.

జంట ఉంటే ఏమవుతుంది?

సూర్యుడిని మించిన ద్రవ్యరాశి దాదాపు 20 కిలోమీటర్ల వ్యాసంలో ఇమిడిన న్యూట్రాన్ తారే మెరుపులకు మూలమని అత్యధికుల అభిప్రాయం. దాని జోడీ భారీ తార అయితే, ఆ తార నుంచి వీచే దట్టమైన పవనం రేడియో తరంగాలను మింగేస్తుంది. న్యూట్రాన్ తార ఆ పవనాన్ని చీల్చి ఏర్పరచిన ఖాళీ భూమి వైపు తిరిగినపుడే మెరుపులు మనకు చేరతాయి. మరో నమూనాలో జోడీ తెల్ల మరుగుజ్జు తార. కోలగా ఉన్న కక్ష్యలో రెండూ దగ్గరైనపుడు మరుగుజ్జు పదార్థం న్యూట్రాన్ తారపైకి జారి మెరుపు పుడుతుంది.

ఎదురైన చిక్కు

పవనమే అడ్డయితే తక్కువ పౌనఃపున్య తరంగాలు మరింతగా ఆగిపోవాలి. నెదర్లాండ్స్ కేంద్రంగా పనిచేసే లోఫార్ టెలిస్కోపుతో జరిపిన పరిశీలనల ఫలితాలు 2021లో ఇందుకు విరుద్ధంగా వచ్చాయి. తక్కువ పౌనఃపున్యంలో మెరుపులు దాదాపు మూడు రోజులు ఆలస్యంగా వచ్చినా, ఎక్కువ రోజులు కనిపించాయి. మన పాలపుంతలోని ఒక మాగ్నెటార్ 2020 ఏప్రిల్ 28న ఇటువంటి మెరుపునే వెలువరించింది. తీవ్ర అయస్కాంత క్షేత్రం గల తార ఒంటరిగానూ మెరవగలదన్న వాదనకు ఇది ఊతమిచ్చింది.

జంట వాదన మాత్రం వీగిపోలేదు. దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం81 గెలాక్సీకి చెందిన ఒక గోళాకార తారాగుచ్ఛంలో పునరావృత మూలం ఉన్నట్లు 2022లో ప్రచురితమైంది. ముసలి తారలతో కిక్కిరిసిన అటువంటి గుచ్ఛాలలో భారీ తారలుండవు, మరుగుజ్జు జంటలు మాత్రం విరివిగా ఏర్పడతాయి.

తేల్చేది కాలమే

కక్ష్యే కారణమైతే 16.35 రోజుల లెక్క ఏళ్ల తరబడి దాదాపు మారకూడదు. ఒంటరి తార అక్షం ఊగిసలాటే కారణమైతే, తార భ్రమణం మందగించేకొద్దీ ఆ గడువు పెరగాలి. ఓపికగా రోజులు లెక్కించడమే దీనికి పరిష్కారం.