నన్నయగారి ఇల్లు ఎక్కడ?

పిల్లలూ! మీలో ఎవరైనా రాజమండ్రి చూశారా? 2015లో ప్రభుత్వం ఆ వూరికి రాజమహేంద్రవరం అనే పాతపేరే మళ్ళీ ఖాయం చేసింది. అయినా గోదావరి ప్రాంతంలో చాలామంది నోట అది ఇంకా రాజమండ్రే.

ఆ వూళ్ళో రైలు దిగి, “వీరేశలింగం పంతులుగారి ఇల్లు ఎక్కడండీ?” అని అడిగి చూడండి. ఎవరో ఒకరు దారి చెబుతారు. పంతులుగారి ఇల్లు వున్నది. ఆయన 1890లో కట్టించిన టౌనుహాలు వున్నది. కాస్త దూరం పోయి ధవళేశ్వరం చేరితే, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేర మ్యూజియం కూడా వున్నది.

ఇప్పుడు, “నన్నయగారి ఇల్లు ఎక్కడండీ?” అని అడగండి. అడిగించుకున్న మనిషి నవ్వినా నవ్వవచ్చు, మిమ్మల్ని నేరుగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి పంపినా పంపవచ్చు! అది 2006లో పెట్టినది. నన్నయగారు అక్కడ ఎన్నడూ చదువుకోలేదు మరి.

తెలుగులో మొదటి మహాకావ్యం రాసిన కవికి ఆ వూళ్ళో ఇల్లు లేదు. ఆయన కూర్చున్న అరుగు లేదు, చిత్తరువు లేదు. హైదరాబాదు టాంకుబండు మీద ఆయన విగ్రహం వున్నది కదా అంటారేమో! ఆ ముఖం శిల్పి ఊహించి చేసినదే. ఆయన పుట్టినరోజు ఏదో ఎవరికీ తెలియదు. అసలు నన్నయ మావూరివాడేనని తణుకువాళ్ళు అంటారు. రాజమండ్రివాళ్ళు, “ఎక్కడ పుడితేనేం, భారతం రాసింది మావూళ్ళో!” అంటారు. ఈ తగవు మనం తీర్చలేము.

మరి అటువంటి మనిషి ఒకడు నిజంగా వుండేవాడని మనకు ఎలా తెలుసు? దీనికి ఇద్దరు సాక్షులున్నారు. ఒకటి ఆయన రాసిన భారతం. రెండోది రాగి.

పూర్వం రాజులు ఎవరికైనా ఒక వూరు దానం చేస్తే ఆ సంగతి రాగిరేకుల మీద చెక్కించి ఇచ్చేవారు. రేకులకు చిల్లుపొడిచి, ఒక కడియంలో గుచ్చి, ఆ కడియం అతుకు మీద రాజముద్ర వేసేవారు. గోదావరి దేశాన్ని ఏలిన తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం బొమ్మ వుంటుంది. రేకులు ఒకదానికొకటి రాసుకుంటే అక్షరాలు అరిగిపోతాయని, అంచులు కాస్త యెత్తుగా వుంచేవారు. చూశారా, ఎంత ముందుచూపో!

ఆ చాళుక్యులలో రాజరాజ నరేంద్రుడు ఒకడు. కోరుమిల్లిలో దొరికిన రాగిరేకుల్లో ఆయన పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, గురువారం నాడు జరిగినట్టు వున్నది. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. కలపండి. 1022 వచ్చిందా? తిథి, నక్షత్రం కూడా రేకుల్లో వున్నాయి కనుక, లెక్కలు తెలిసినవారు రోజు కూడా తేల్చారు. అది ఆగస్టు 16.

ఇంకొక శాసనం వున్నది. దానిపేరు నందంపూడి శాసనం. ఆ పేరుగల వూరు ఇప్పటికీ కోనసీమలో అంబాజీపేట దగ్గర వున్నది. రాజరాజు తన పాలన 32వ యేట, చంద్రగ్రహణం నాడు, నందంపూడి అనే వూరును ఒక పండితుడికి దానం చేశాడు. ఈ సంవత్సరం 1053 అవుతుంది. 1022 మొదటి యేడు కనుక 31 కలపాలి, 32 కాదు. పరీక్షల్లో ఇటువంటి చోటే మార్కులు పోతాయి! ఆ రేకుల చివర ఇద్దరి పేర్లు కనబడతాయి. అక్షరాలు రాసినవాడు గండాచార్యుడు. అందులోని కవిత్వం కూర్చినవాడు నన్నయభట్టు.

ఇంతకూ ఆ వూరు దానం పుచ్చుకున్న పండితుడు ఎవరు? ఆయన పేరు నారాయణభట్టు. అనేక భాషల్లో కవిత్వం చెప్పగలవాడు.

ఇప్పుడు మొదటి సాక్షి దగ్గరకు వద్దాము. భారతం మొదట్లో నన్నయ తన సంగతి కొంచెమే చెప్పుకున్నాడు. తాను రాజుగారి ఇంటి పురోహితుణ్ణనీ, జపహోమాలు చేసేవాణ్ణనీ అన్నాడు. కాని ఒక మిత్రుణ్ణి మాత్రం నోరారా పొగిడాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడు నిలిచినట్టు, ఈ భారతం రాయటంలో తనకు తోడు నిలిచాడని చెప్పాడు. ఆ మిత్రుడు నారాయణభట్టే! నారాయణుడి పేరే గలవాడు కనుక ఆ పోలిక ఎంత బాగా కుదిరిందో చూడండి.

రాగి చెప్పినదీ, కావ్యం చెప్పినదీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. నన్నయ తన కోసం వూరు ఏదైనా సంపాదించుకున్నాడేమో శాసనం చెప్పదు. రాగిరేకు మీద ఆయన పేరు నిలిచింది స్నేహితుడికి ఇచ్చిన దానపత్రం చివర. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఆయన బొమ్మ లేదన్న విచారం సగం తగ్గుతుంది.

భారతంలో నన్నయ మనవూరిని కూడా మరిచిపోలేదు. వేంగీదేశానికి రాజమహేంద్రపురం హారంలోని నడిమి మణివంటిదన్నాడు. వూరు కవిని జ్ఞాపకం పెట్టుకోవటం తరువాతి మాట, కవి వూరిని ముందే జ్ఞాపకం పెట్టుకున్నాడు.

ఆయనకు ముందు తెలుగులో పద్యాలే లేవనుకోకండి. అద్దంకిలో సుమారు 848 నాటి రాతి మీద తెలుగు పద్యం వున్నది. కాని అంత పెద్ద కథను తెలుగులో సాగించిన పుస్తకం అంతకు ముందుది మనకు దొరకలేదు. అందుకే ఆయన ఆదికవి.

రాగి వెయ్యేళ్ళు వుంటుంది, సరే. తాటాకు వుంటుందా? భారతం తాటాకుల మీద గంటంతో గీసి రాసినది. గోదావరి గాలిలో చెమ్మ ఎక్కువ. పురుగులు సరేసరి. ఎంత జాగ్రత్తగా దాచినా ఆకులు రెండు మూడు వందల యేళ్ళకు శిథిలమైపోతాయి. అంటే నన్నయ చేతిరాత మనదాకా రాలేదు. ఆకులు పాడయ్యేలోగా ఎవరో ఒకరు కూర్చుని, కొత్త ఆకుల మీద అంతా మళ్ళీ రాశారు. అవి పాడయ్యేలోగా మరొకరు. నన్నయ రాసినది సుమారు 4,000 పద్యగద్యాలు. ఒక పేజీ చూచిరాత రాయమంటే మనం ఎంత గొణుగుతామో మీకు తెలుసు! ఆ రాసినవారిలో చాలామంది పేర్లు కూడా మనకు మిగలలేదు. తరువాత, రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన బ్రౌను దొర భారతం తాటాకు ప్రతులు అనేకం పోగుచేసి, పండితులను కూర్చోబెట్టి ఒకదానితో ఒకటి సరిచూపించాడు. రాస్తూ రాస్తూ పోతే తప్పులు దొర్లక మానవు గదా.

భారతం 18 పర్వాలు. నన్నయ ఆదిపర్వం, సభాపర్వం పూర్తిచేసి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం నడుమ ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో కథలు చాలా వున్నాయి. నేను వాటిని చెప్పను, ఒకదానికీ రుజువు లేదు. రాజమండ్రిలో సారంగధర మెట్ట అని ఒకటి వున్నది. రాజరాజు కొడుకుకు కాళ్ళూ చేతులూ నరికించాడని దాని కథ. దానికీ చరిత్రలో ఆధారం లేదు. పాపం, రాజుగారి పేరు చెబితే ఆయన రాయించిన భారతం కంటె ముందు ఆ మెట్ట తలచుకునేవారు వున్నారు!

తరువాత 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు రాశాడు. నడుమ అరణ్యపర్వం ముక్క అలాగే వుండిపోయింది. 14వ శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలో వున్న ఎఱ్ఱన దాన్ని పూర్తిచేశాడు. అతను ఏం చేశాడో తెలుసా? తన రాజు పేరు పెట్టుకోలేదు. ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే దాన్ని అంకితం చేశాడు. నన్నయ తీరులో మొదలుపెట్టి, అతుకు కనబడకుండా రాశాడు.

వూరు కూడా ఊరుకోలేదు. 1922లో, పట్టాభిషేకం జరిగి 900 యేళ్ళయిన సందర్భంలో, రాజమండ్రి పెద్దలు ఉత్సవం చేసి, వ్యాసాలతో పెద్ద సంచిక వేశారు. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఆ వూళ్ళో పుట్టింది ఆ యేడే. పాత రాగిరేకులు వెతికి చదివి అచ్చువేయటం ఆ మండలి పెట్టుకున్న పని. కవి ఇల్లు చూపించలేని వూరు కవి కాలాన్ని వెతకటానికి పూనుకున్నదన్నమాట.

నన్నయ చూసిన గోదావరికి ఆనకట్ట లేదు, అది 1852కు గాని పూర్తికాలేదు. రైలు వంతెన 1900లో వచ్చింది. కాని ఆయన చూసినది ఒకటి ఇప్పటికీ చూడవచ్చు. ఆయన కలం ఆగిన చోట వున్న పద్యం శరత్కాలపు రాత్రిని గురించినది. నక్షత్రాలు, వెన్నెల, పూలవాసన మోసుకొచ్చే గాలి అందులో వున్నాయి. వానలు వెనకబడి, ఎఱ్ఱనీరు తేరుకొనే ఆశ్వయుజ మాసంలో రాజమండ్రి వెళితే, రాత్రి అన్నం తిన్నాక పెద్దవాళ్ళతో కలిసి గోదావరి గట్టుకు పోయి కూర్చోండి. ఆ పద్యం తెలిసిన మాష్టారు ఎవరైనా వెంట వుంటే, చదివి వినిపించమనండి.