పెద్ద అంకె చూసి బోల్తాపడ్డాను!

"స్టార్ట్ కెమెరా!" అన్నాను, దర్శకుడి దర్పం వెలగబెడుతూ.

2022లో సంగతిది. మా ఊరి పాత సినిమా హాలును వారం తిరక్కుండా పడగొట్టబోతున్నారు. డిజిటల్ వచ్చేదాకా ముప్ఫై ఏళ్లపాటు అక్కడ రీళ్లు మార్చిన ఆపరేటర్ బాబాయ్ చేత నాలుగు మాటలు చెప్పించి, లఘుచిత్రం తీసేయాలని నేనూ నా స్నేహితుడూ బయల్దేరాం. కెమెరా అద్దెది. ఉత్సాహం మాత్రం సొంతం.

ప్రొజెక్టర్ గదిలో బాబాయ్ మొదట బిగుసుకుపోయాడు. తర్వాత మెల్లగా దారిలో పడ్డాడు. ఓ గాలివాన రాత్రి రెండో ఆట మధ్యలో కరెంటు పోయిందట. జనం ఇళ్లకు పోకుండా చీకట్లోనే కూర్చుని "తర్వాతేమైందో చెప్పు!" అని గోల పెట్టారట. చూసీ చూసీ ఆయనకు డైలాగులన్నీ కంఠతా వచ్చు. గోడకున్న కన్నంలోంచి క్లైమాక్సు అంతా అరిచి చెప్పాడట! అది చెబుతూ చెబుతూ ఆయన గొంతు మారింది. పక్కనున్న పాత ప్రొజెక్టరు మీద చెయ్యి వేశాడు...

సరిగ్గా అప్పుడే కెమెరా తెర మీద ఓ వాక్యం వెలిగింది. కార్డు వేగం చాలక రికార్డింగు ఆగిపోయిందని!

"ఇంకొక్కసారి చెప్పండి బాబాయ్" అన్నాను. చెప్పాడు పాపం. కథ వచ్చింది గాని ఆ గొంతు రాలేదు. చెయ్యి ఎక్కడ వెయ్యాలో కూడా నన్నే అడిగాడు.

తప్పెవరిదంటారా? నూటికి నూరుపాళ్లూ నాదే. కొట్లో కార్డు మీద "170" అని ఇంతేసి అంకె కనపడగానే ఇంకేమీ చూడకుండా డబ్బిచ్చేశాను. ఆ 170 మెగాబైట్లు, కార్డులో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి చదివే వేగం. అదీ అన్నీ అనుకూలిస్తేనే! కెమెరాకు కావలసింది రాసే వేగం. అది కూడా ఓ క్షణం పరుగెత్తి చతికిలబడేది కాదు, షాటు అయ్యేదాకా తగ్గకుండా ఉండేది. దానికి హామీ ఇచ్చే గుర్తు కార్డు మీద ఓ మూల చిన్నగా ఉంటుంది. ఇంగ్లీషు "వి" అక్షరం, దాని పక్కన ఓ అంకె. 2016లో వచ్చిన పద్ధతి ఇది. వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందన్నమాట. వి60, వి90 కూడా అంతే లెక్క.

నాది వి30. మావాడేమో మెనూలో అన్నిటికన్నా గొప్పది నొక్కేశాడు. 4కె, సెకనుకు 400 మెగాబిట్లు! కిటుకంతా ఇక్కడే ఉంది. కెమెరా బిట్లలో మాట్లాడుతుంది, కార్డు బైట్లలో మాట్లాడుతుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 400ని ఎనిమిదితో భాగించండి, 50 వస్తుంది. ముప్ఫైకి హామీ ఇచ్చినవాడి నెత్తిన యాభై మోపాం. పాపం హామీకి మించి కాసేపు మోసింది కాబోలు, అంతసేపైనా నడిచింది. దానికి వి60 ఉండాల్సింది.

తమాషా ఏమిటంటే, అదే కెమెరాలో 100 మెగాబిట్ల 4కె కూడా ఉంది. అంటే పన్నెండున్నర మెగాబైట్లే! కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. నా కార్డే హాయిగా మోసేది. అంచేత కొట్టుకు వెళ్లేముందు కెమెరాతో వచ్చిన పుస్తకం తిరగేసి, మీరు నిజంగా వాడబోయే మెగాబిట్లు ఎన్నో చూసుకోండి. అక్కర లేకుండా వి90 కొంటే జేబుకు చిల్లు. పైగా అలాంటి కార్డుల వెనక సాధారణంగా రెండు వరసల పిన్నులుంటాయి. రెండో వరసను అందుకునే ఏర్పాటు కెమెరాలో లేకపోతే ఆ డబ్బంతా దండగే.

ఇక సైజు. 64 గిగాబైట్ల కార్డులో 100 మెగాబిట్లతో తీస్తే సుమారు 85 నిమిషాలు పడుతుంది. 400తో తీస్తే 21 నిమిషాలే. "ఇంతేనా!" అనకండి. వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. ఫిలిం 11 నిమిషాలకే అయిపోయేది మరి! నేనైతే ఒక పెద్ద కార్డుకు బదులు రెండు చిన్నవి కొంటాను. ఒకటి మొరాయించినా సగం రోజు పనైనా దక్కుతుంది.

అన్నట్టు, పైన 128 అని రాసి లోపల అందులో పదోవంతు కూడా లేని దొంగ కార్డులున్నాయి సుమా! రాస్తున్నట్టే నటిస్తాయి, తీరా చూస్తే ఏమీ ఉండదు. షూటింగుకు ముందే ఇంట్లో కార్డు నిండా ఏదో ఒకటి తీసి, మొత్తం వేసి చూసుకోండి. ఆ తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి.

మేం వి60 కార్డు కొనేసరికి హాలు లేదు. రెండోసారి చెప్పింది వాడబుద్ధి కాలేదు. మొదటిసారి ఆగిందాకా పడిన ముక్కనే చిత్రం చివర పెట్టాం. బాబాయ్ చెయ్యి ప్రొజెక్టరు మీద పడుతుంది, తెర చీకటైపోతుంది.

ఆయనింట్లో గోడ మీద వేసి చూపించాం. తెర చీకటి కాగానే బాబాయ్ తలెత్తి ఫ్యాను వంక చూశాడు.

"ఏరా అబ్బాయ్, కరెంటు పోయిందా?"