కొబ్బరితోటకు పచ్చని నేలకప్పు: ప్యూరేరియా తీగ



కొబ్బరిమొక్కలను 25 అడుగుల దూరమున నాటిన పిమ్మట, అవి ఎదిగి నీడ పఱచువఱకు నడుమనున్న నేల బోసిగా నుండును. వానకు సారవంతమైన పైమట్టి కొట్టుకొనిపోవును. ఎండకు నేల గట్టిపడును. తుంగయు గరికయు బలియును. ఏటేట దున్నించుటకు వ్యయమగుచున్నదే గాని మట్టి నిలుచుట లేదు. దీనికి ఒక ఉపాయము ప్యూరేరియా తీగను నేలకప్పుగా పెంచుట.

ఇది చిక్కుడు కుటుంబమునకు చెందినది. పలు సంవత్సరములు బ్రతుకును. నేలకు తగిలిన కణుపులనుండి వేళ్లు దిగి మట్టిని పట్టుకొనును. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించును. రాలిన ఆకు క్రుళ్లి ఎరువగును. కేరళ రబ్బరుతోటలలో దీనిని చిరకాలముగా పెంచుచున్నారు.

విత్తనము విషయమున నా అనుభవమొకటి చెప్పవలెను. తొలిసారి ఒక గ్రామమున దీనిని పంచినప్పుడు, ఊరక చల్లుడని చెప్పితిని. బహు కొద్దిగా మొలచెను. విత్తనము పుచ్చినదని రైతులు నొచ్చుకొనిరి. తప్పు విత్తనముది కాదు, నాది. దీని పైపొర మిక్కిలి గట్టిది. నీరు లోనికి పోనీయదు. కావున మరిగిన నీరు మూడు పాళ్లు, చన్నీరు ఒక పాలు కలిపి, అందులో విత్తనమును పోసి నాలుగైదు గంటలు నాననీయవలెను. ఉబ్బినవి మొలచును.

ఎకరమునకు సుమారు 2 కిలోల విత్తనము చాలును. తొలకరి వానలకు నేల పదునైన వెంటనే, విత్తనముతో సమానముగా రాతి భాస్వరపు పొడిని కలిపి, సాళ్లలో పైపైన వేసి మట్టి కప్పవలెను. లేతతీగ మెల్లగా సాగును గనుక మొదటి రెండు మూడు నెలలు కలుపు తీయక తప్పదు. పశువులు దీనిని ఇష్టముగా మేయును. కంచె లేనిచో తీగ మిగులదు.

ముఖ్యమైన హెచ్చరిక: ఈ తీగకు చెట్టు ఎక్కు గుణము కలదు. ఏమరినచో లేతకొబ్బరి మొవ్వును చుట్టి మొక్కను అణచివేయును. ప్రతి మొక్కచుట్టును నాలుగైదు అడుగుల పాదును శుభ్రముగా నుంచి, వానకాలమున మూడు వారములకొకసారి తీగను కోసి ఆ కోతనే పాదులో పఱచవలెను. గుబురులో పాములు, ఎలుకలు చేరవచ్చును గనుక కఱ్ఱతో తట్టి అడుగిడవలెను.

వాన తక్కువై, వేసవిలో నీరు పెట్టు వసతి లేని మెట్టతోటలకు ఇది తగదు. అచ్చట తీగ మొక్కతో తేమకై పోటీపడును. అట్టివారు పాదులలో ఎండుటాకు పఱచుటయే మేలు.

మొదటి సంవత్సరము పావు ఎకరములో మాత్రమే వేసి చూడుడు. వాన వెలిసిన పిదప తీగ ఉన్న చోటినుండి పాఱు నీటిని, లేని చోటినుండి పాఱు నీటిని రెండు చెంబులలో పట్టి పోల్చుడు. ఏ నీరు తేటగా నున్నదో మీ కన్నులే చెప్పును.